మంచి చెక్క చూపించడం చాలు, ఇక చీటీ వేద్దాం



పైన పెట్టిన వీడియో ఎనిమిది నిమిషాలే. మా ఇంటి అరుగు మీద ఒక ఇత్తడి చెంబు, దాంట్లో మడిచిన చీటీలు. పక్కింటి ఆరో తరగతి పాప ఒక్కొక్కటే తీస్తా ఉంటే నేను పొలం పటం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటా ఉంటా. అంతే వీడియో. అది పెట్టినప్పటి నుంచి ఒకటే ఫోన్లు. "అన్నా, సేద్యం కూడా లాటరీ అయిపోయిందా?" అని ఒకరు. "ఇన్నేళ్లు ప్రకృతి సేద్యం మంచిదని నువ్వే చెప్పినావు కదా, ఇప్పుడు నీకే నమ్మకం పోయిందా?" అని ఇంకొకరు. ఫోన్‌లో చెప్తే తెగడం లేదు, అందుకే రాస్తున్నా. కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకోండి.

నమ్మకం పోలేదు. పోయింది నా వీడియోల మీద నమ్మకం.

నాలుగేళ్ల కిందట శెనక్కాయ పంట మీద ఒక వీడియో పెట్టినా, మీలో చాలామంది చూసే ఉంటారు. చెట్టు పీకి చూపించినా, ఊడలు లెక్కపెట్టి చూపించినా, "ఒక్క బస్తా డీఏపీ లేదు, ఘనజీవామృతం, జీవామృతం, ఆచ్ఛాదన, అంతే" అని గట్టిగా చెప్పినా. అది చూసి మా అక్క మొగుడు, నాకు బావ, ఉన్న నాలుగు ఎకరాలూ ఒకేసారి మార్చేసినాడు. అక్క గాజులు బ్యాంకులో పెట్టి విత్తనం తెచ్చినాడు. ఆ ఏడు ఆయనకి పోయిన ఏటి కన్నా సగం కాయ కూడా రాలేదు. గాజులు విడిపించడానికి రెండేళ్లు పట్టింది.

ఆయన నన్ను ఒక్క మాట తిట్టలేదు. పండక్కి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని మెల్లగా అన్నాడు. "బామ్మర్దీ, నువ్వు చూపించింది ఏ చెక్క? మీ నాయన ఏటేటా గొర్రెల మంద నిలిపిన చెక్క కదా అది."

నిజమే. ఊరి దగ్గర ఉండే ఆ ఎకరంన్నర మా నాయన కాలం నుంచి మంద నిలిపిన నేల. పైగా ఆ ఏడు వానలు సమయానికి పడినాయి. గొర్రెల ఎరువు, మంచి వాన, నా ఘనజీవామృతం, మూడూ కలిసి ఆ కాయ కాసింది. నేను మూడోదానికి మాత్రమే పేరు ఇచ్చినా. అబద్ధం చెప్పాలని కాదు, నాకే తెలీదు. వీడియో తీయాలంటే ఎవరైనా మంచి చెక్కలోనే కదా నిలబడతారు!

ఆ మాట పట్టుకుని నేను చదవడం మొదలుపెట్టినా. మా ఊరి కుర్రాడు ఒకడు హైదరాబాద్‌లో ఎకనామిక్స్ చదువుతున్నాడు. వాడు కొన్ని పేపర్లు పంపించి, సెలవులకి వచ్చినప్పుడు కూర్చోబెట్టి చెప్పినాడు. పేద దేశాల ఆర్థిక శాస్త్రం చదివేవాళ్లు ముప్పై ఏళ్లుగా కొట్టుకుంటున్నది సరిగ్గా ఈ గొర్రెల మంద సమస్య మీదే అని అప్పుడు తెలిసింది. అప్పు తీసుకున్న ఇల్లు బాగుపడితే అప్పు వల్లనా, లేక అప్పు తీసుకునే ధైర్యం ఉన్న ఇల్లు కాబట్టి ఎలాగైనా బాగుపడేదా? ప్రకృతి సేద్యం చేసే రైతు బాగుంటే సేద్యం వల్లనా, లేక ఆ రైతు ముందు నుంచే ఆవులున్నవాడు, ఓపికున్నవాడు, ఇంట్లో చేతులున్నవాడు కాబట్టా?

దీనికి వాళ్లు పట్టుకున్న ఉపాయం చీటీ. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అని మనిషి తేల్చకుండా చీటీతో తేల్చడం. అప్పుడు గొర్రెల మంద నిలిపిన చెక్కలు రెండు వైపులా ఇంచుమించు సమానంగా పడతాయి. తర్వాత కనిపించే తేడాకి చీటీలో రాసినదే కారణం అని కొంత ధైర్యంగా అనొచ్చు. ఈ దారిలో పనిచేసిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ క్రేమర్‌లకి 2019లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

అయితే ఇది ఆర్థికవేత్తలు కనిపెట్టింది కాదు. పొలంలో పుట్టింది. ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడ బ్రాడ్‌బాక్ అనే చేలో 1843 నుంచి ఈ రోజు దాకా గోధుమ వేస్తానే ఉన్నారు. ఒక చెక్కకి పశువుల ఎరువు, ఒక చెక్కకి రసాయనం, ఒక చెక్కకి ఏమీ లేదు. 1919లో ఆ కేంద్రంలో చేరిన రోనాల్డ్ ఫిషర్, ఏ చెక్కకి ఏది వేయాలన్నది చీటీకి వదిలేయాలని చెప్పినాడు. ఎందుకంటే నేల ఒక మూల నుంచి ఇంకో మూలకి మారుతుంది, మనిషి తెలిసో తెలియకో తనకి నచ్చినదాన్ని మంచి మూలలో పెడతాడు. నేను చేసింది అదే కదా. మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జిలో ఈ ఫిషర్ దగ్గరే పీహెచ్‌డీ చేశారు. ఈ విద్య మనకి మరీ పరాయిది కాదని చెప్పడానికే ఈ ముక్క. పొలం నుంచి మందుల పరీక్షలకి, అక్కడి నుంచి ఊళ్లకి, బళ్లకి పోయిన పద్ధతి ఇప్పుడు తిరిగి మన పొలానికి వస్తున్నదన్న మాట.

ఇప్పుడు ఒక యూరియా కథ చెప్తా. కోప్పడకండి. చివరిదాకా వినండి.

కెన్యా పడమటి వైపు బుసియా అని ఒక జిల్లా. అక్కడి చిన్న రైతులు మొక్కజొన్నకి రసాయన ఎరువు పెద్దగా వేయరు. ఎందుకు వేయరు అని డఫ్లో, క్రేమర్, జోనథన్ రాబిన్సన్ ముగ్గురూ పరీక్ష పెట్టినారు. రీసెర్చ్ స్టేషన్‌లో కాదు, రైతుల సొంత చేలల్లోనే చిన్న చిన్న చెక్కలు కొలిచి, ఏ చెక్కకి ఏమి వేయాలో చీటీతో తేల్చినారు. తేలింది ఏమిటంటే, అక్కడి వ్యవసాయ శాఖ సిఫారసు చేసిన పూర్తి ప్యాకేజీ, అంటే హైబ్రిడ్ విత్తనం, అడుగున ఎరువు, పైన ఎరువు అన్నీ కలిపి వేస్తే, ఆ రైతులకి నష్టమే. ఒక్క పైపాటు ఎరువు, అదీ మొక్కకి అర టీస్పూను వేస్తే మాత్రం, పెట్టిన డబ్బు మీద ఏడాదికి 70 శాతం దాకా మిగిలింది.

నాకు ఈ కథలో నచ్చింది ఎరువు కాదు, ప్యాకేజీ విడిపోవడం. సర్కారు ప్యాకేజీ మొత్తం మంచిదని చెప్తా వచ్చింది. విడివిడిగా పరీక్షిస్తే ఒక ముక్క లాభం, మొత్తం నష్టం. మరి మనం? బీజామృతం, ఘనజీవామృతం, ద్రవజీవామృతం, ఆచ్ఛాదన, నవధాన్యాలు, కషాయాలు, అన్నీ కలిపి "ఇది మొత్తం చేయాలి, సగం చేస్తే ఫలితం రాదు" అంటాం. ఫలితం రాని రైతుకి "నువ్వు పూర్తిగా చేయలేదు" అంటాం. మా బావకి నేను అదే అన్నా మొదట్లో. సర్కారు ప్యాకేజీ అమ్మినట్టే మనమూ అమ్ముతున్నాం. ఇందులో ఏ ముక్క మా ఎర్రనేలకి పనికొస్తుంది, ఏ ముక్క ఊరికే ఒళ్లు నొప్పి అన్నది ఎవరో ఒకరు విడదీయాలి.

బుసియా కథ ఇంకా ఉంది. అర స్పూను లాభమని తెలిసినాక కూడా రైతులు కొనలేదు. అడిగితే డబ్బులు లేవన్నారు. పంట అమ్మిన రోజు డబ్బు ఉంది, ఎరువు వేసే రోజుకి లేదు. మధ్యలో బడి ఫీజు, జబ్బు, చుట్టాలు. మనకి కొత్తా ఇది! దానికి వాళ్లు చేసింది చిన్న పని. కోత అయిన వెంటనే ఇంటికి పోయి, ఇప్పుడే డబ్బు కట్టి చీటీ రాయించుకో, ఎరువు అవసరమైనప్పుడు ఇంటికి ఉచితంగా తెచ్చి ఇస్తాం అన్నారు. అంతే. సీజన్ మధ్యలో సగం ధరకి ఇచ్చినప్పుడు ఎంతమంది కదిలినారో, ఈ చిన్న సాయానికి దాదాపు అంతమంది కదిలినారు.

మన శిక్షణలు ఎప్పుడు పెడతారు? మే చివర, జూన్‌లో. అప్పటికి పేడ అమ్ముడుపోయింది, నవధాన్యాల విత్తనానికి చేతిలో పైసా లేదు, ముంగారు పదును కోసం అందరూ ఆకాశం చూస్తా ఉంటారు. అప్పుడు వచ్చి ఘనజీవామృతం మూడు నెలల ముందే చేసుకుని ఉండాలి అని చెప్తారు. విన్న రైతు తల ఊపుతాడు, పోయి కాంప్లెక్స్ బస్తా తెచ్చుకుంటాడు. దాన్ని మనం మనసు మారలేదు అని రాసుకుంటాం. మనసు కాదప్పా, క్యాలెండర్. శెనక్కాయ అమ్మిన డిసెంబర్‌లో వచ్చి విత్తనం డబ్బు కట్టించుకోండి, పేడ అప్పుడు పోగు చేయించండి, చూద్దాం.

ఇక మన జిల్లా సంగతి. ఈ ఆర్థికవేత్తల పేపర్లలో అనంతపురం, మహబూబ్‌నగర్ పేర్లు ఎన్నిసార్లు వస్తాయో చూస్తే ఆశ్చర్యం వేసింది. 2003లో మహబూబ్‌నగర్‌లో వాన ఇన్సూరెన్స్ అమ్మడం మొదలైంది. చేను ఎండిందా లేదా అని చూడరు, వాన కొలిచే స్టేషన్‌లో ఇన్ని మిల్లీమీటర్ల కన్నా తక్కువ పడితే డబ్బు ఇస్తారు. రైతులు ఎందుకు కొనడం లేదు అని ఈ రెండు జిల్లాల ఊళ్లల్లో పరీక్ష పెట్టినారు. ఇంటికి పోయి మాట్లాడినందుకు కొందరి చేతిలో 25 రూపాయలు, కొందరి చేతిలో 100 రూపాయలు పెట్టినారు, ఎవరికి ఎంత అన్నది చీటీతోనే. కొందరికి పాలసీ గురించి అదనంగా పాఠం చెప్పినారు. కొందరికి ఊరికి తెలిసిన మనిషి వచ్చి "వీళ్లు మంచివాళ్లే" అని పరిచయం చేసినాడు. పాఠం వల్ల ఏ తేడా లేదు. తెలిసిన మనిషి మాట వల్ల కొనేవాళ్లు పెరిగినారు. చేతిలో 100 రూపాయలు ఉన్నవాళ్లు అందరికన్నా ఎక్కువగా కొన్నారు. శిక్షణలు, శిక్షణలు అని పలవరించేవాళ్లంతా ఈ పేపర్ ఒకసారి చదవాలి. నాతో సహా.

తర్వాత 2009లో ఇంకో పరీక్ష. చీటీ వచ్చిన రైతులకి వాన ఇన్సూరెన్స్ ఉచితంగా ఇచ్చి, వాళ్లు ఏం వేస్తారో చూసినారు. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఆముదం, శెనక్కాయ లాంటి అమ్ముడు పంటల వైపు ఎక్కువ పెట్టుబడి మళ్లించినారు. పేపర్‌లో దీన్ని మంచి వార్త లాగే రాసినారు, ధైర్యం వచ్చి లాభమున్న పంట వేసుకున్నారని. నేను రెండుసార్లు చదివినా, రెండోసారి నిద్ర పట్టలేదు. ఈ జిల్లాలో ఒకప్పుడు కొర్ర, సజ్జ, జొన్న, అలసంద, కంది ఒకే గొర్రులో పడేవి. వాన పోతే ఒకటి పోయేది, ఇంకొకటి నిలిచేది. అది మన పెద్దోళ్ల ఇన్సూరెన్స్. ప్రీమియం కాయలో కట్టేవాళ్లు, క్లెయిమ్ గింజలో వచ్చేది. కాగితం ఇన్సూరెన్స్ వస్తే రైతు ఇంకా ఎక్కువగా ఒకటే పంట వైపు పోతాడని ఆ పరీక్షే చెప్తా ఉంది. అయితే నవధాన్యాలు వేసిన రైతుని ఒక వైపు, ఇన్సూరెన్స్ ఉన్న రైతుని ఇంకో వైపు పెట్టి కొలవలేదు. ఆ ప్రశ్న ఆ చెంబులో వేయలేదు. ఎందుకంటే చెంబు మన చేతిలో లేదు.

నా అసలు గొడవ ఇక్కడ. చీటీ పద్ధతి మంచిదే. చీటీ మీద ఏం రాయాలి, ఎన్నేళ్లు చూడాలి, ఏది తూకం వేయాలి అన్నది ఎవరు తేలుస్తున్నారు?

మా ఊరికి కూడా సర్వే వాళ్లు వచ్చినారు, మూడు సీజన్లు. ఏ సంస్థ అన్నది అనవసరం. చిన్న పిల్లలు, మర్యాదగా ఉండేవాళ్లు, చేతిలో ట్యాబ్. ఒక్కో ఇంట్లో రెండేసి గంటలు. ఎన్ని మూటలు, ఎన్ని కూలీలు, ఎంత అప్పు, ఎవరికి జబ్బు చేసింది, అన్నీ రాసుకున్నారు. సంతకం పెట్టించుకున్న కాగితం ఇంగ్లీషులో ఉంది. చివర ఒక స్టీలు డబ్బా ఇచ్చినారు, ఇప్పటికీ వంటింట్లో ఉంది, చింతపండు పోసుకుంటాం. నాలుగోసారి వస్తారేమో, ఏం తేలిందో చెప్తారేమో అని చూసినాం. రాలేదు. చాలా రోజులకి తెలిసింది, పక్క మండలంలో ఊళ్లకి శిక్షణ, విత్తనం ఇచ్చినారనీ, మాది చీటీ రాని ఊరనీ. అందరికీ ఇచ్చేంత డబ్బు లేనప్పుడు చీటీ వేయడం సిఫారసు కన్నా న్యాయమే, నేను ఒప్పుకుంటా. ఎమ్మెల్యే మనిషికి ముందు ఇవ్వడం కన్నా చెంబులో చెయ్యి పెట్టడం మేలు. కానీ ఆ ముక్క మాకు ముందే చెప్పి ఉంటే ఏం పోయేది? మేము ఒప్పుకునేవాళ్లమే. చెప్పకుండా మూడేళ్లు మా చేత లెక్కలు చెప్పించుకోవడం బాగలేదు.

చీటీ మీద రాసేదే తప్పుగా ఉంటే చీటీ న్యాయం చేయదు కూడా. 2020లో నైరోబీ బస్తీల పరీక్ష మీద పెద్ద రచ్చ అయింది. బిల్లు కట్టని ఇంటి యజమానుల్లో చీటీతో కొందరిని తీసి, నోటీసు ఇచ్చి, కట్టకపోతే నీళ్లు ఆపినారు. బిల్లు యజమానిది, దాహం అద్దెకున్నవాళ్లది. 2015లో నోబెల్ వచ్చిన యాంగస్ డీటన్ లాంటి పెద్దాయన కూడా ఈ పద్ధతిని దేవుడి మాట లాగా చూడొద్దని చాలాకాలంగా అంటున్నాడు. ఒక చోట తేలింది ఇంకో చోట తేలాలని లేదు, ఎందుకు పనిచేసిందో తెలియకుండా ఎంత పనిచేసిందో తెలిసి ఉపయోగం తక్కువ అని. బుసియా చేను, మా చేను ఒకటి కాదు కదా.

రైతు మాటకి విలువ ఇచ్చి చేసిన పని కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదటిసారి ఇచ్చినప్పుడు, చీటీతో తీసిన కొన్ని చోట్ల వ్యవసాయ అధికారులకి ముందే ఒక మాట చెప్పినారు, చెక్కు అందిందా లేదా అని రైతులకే ఫోన్ చేసి అడుగుతాం, మీ పని దాన్ని బట్టి చూస్తాం అని. అంతమాత్రానికే ఆ చోట్ల డబ్బు అందని రైతులు 7.8 శాతం తగ్గినారు. కొత్త ఆఫీసు లేదు, కొత్త యాప్ లేదు. రైతుని అడుగుతారన్న భయం, అంతే. కార్తీక్ మురళీధరన్, ఆయన తోటివాళ్లు చేసిన పరీక్ష ఇది, ప్రభుత్వంతో కలిసి. 2022లో తెలంగాణలోనే 250 ఊళ్లల్లో ఇంకొకటి జరిగింది, రుతుపవనం ఎప్పుడొస్తుందో చాలా ముందుగా చెప్తే రైతు ఏం చేస్తాడని. ఆలస్యమని తెలిసినవాళ్లు విత్తే భూమి తగ్గించుకున్నారు, మంచి కబురు విన్నవాళ్లు పెట్టుబడి పెంచుకున్నారు. రైతు తెలివిలేనివాడు కాదని రుజువు చేయడానికి అంత ఖర్చు అవసరమా అని మా ఆవిడ నవ్వింది గానీ, నాకు మంచిగానే అనిపించింది.

ప్రకృతి సేద్యానికి వస్తే, 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ దీన్ని రుజువు కాని పద్ధతి అన్నప్పుడు మనమంతా కోప్పడినాం. నేనూ ఒక ఘాటు వీడియో పెట్టినా. ఇప్పుడు ఆలోచిస్తే, మనం చూపించిన రుజువు ఏమిటి? మన రాష్ట్రంలో ప్రకృతి సేద్యం చేసేవాళ్ల పంట, చేయనివాళ్ల పంట కోసి తూకం వేసి పోల్చిన రిపోర్టులు ఉన్నాయి. కష్టపడి చేసినవే. కానీ చేసేవాళ్లు ఎవరు, చేయనివాళ్లు ఎవరు అన్నది చీటీ తేల్చలేదు, వాళ్లే తేల్చుకున్నారు. గొర్రెల మంద ప్రశ్న అక్కడే కూర్చుని ఉంది. దానికన్నా ఇంగ్లండ్ రెడింగ్ యూనివర్సిటీ వాళ్లు మనవాళ్లతో కలిసి ఆంధ్రలో ఆరు జిల్లాల్లో 28 పొలాల్లో చేసిన పని నాకు నచ్చింది. ఒకే రైతు పొలంలో ప్రకృతి పద్ధతి, సేంద్రియం, రసాయనం పక్కపక్కన వేసి చూసినారు. దిగుబడిలో మన పద్ధతి వెనకబడలేదు. సంతోషమే. అయితే 28 పొలాలు, కొన్ని సీజన్లు. బ్రాడ్‌బాక్‌లో 180 ఏళ్లు దాటింది. నేల మారడానికి ఏళ్లు పడుతుందని చెప్పేది మనమే కదా. మరి రెండు, మూడేళ్ల ప్రాజెక్టుకి ఎందుకు సరేనంటాం?

ఇంకొకటి, నా ఇంట్లోనే తగిలింది. పరీక్ష గురించి మాట్లాడుతుంటే మా ఆవిడ మధ్యలో అంది. "మీ లెక్కలో ఖర్చు జీరో అని రాస్తారు. పొద్దున్నే పేడ ఎత్తేది నేను, మూత్రం పట్టేది నేను, డ్రమ్ము కలిపేది నేను. నా చెయ్యి జీరోనా?" నేను నోరు మూసుకున్నా. మరుసటి రోజు నుంచి గోడ మీద క్యాలెండర్‌లో ఆమె చేసిన గంటలు రాయడం మొదలుపెట్టినాం. మొదటి సీజన్ అయిపోయేసరికి ఆ గంటలు కూలి రేటుతో కడితే, నేను మిగిలిందని గొప్పగా చెప్పుకున్న ఎరువుల డబ్బులో పెద్ద ముక్క దానికే పోయింది. మిగిలింది లేకపోలేదు, కానీ వీడియోలో చెప్పినంత కాదు. సర్వేకి వచ్చినవాళ్లు కూడా కూలీలెంతమంది అని నన్నే అడిగినారు, ఆమెని పక్కకి పిలిచి ఒక్క ప్రశ్న అడగలేదు. పరీక్ష పేరుతో ఎవరొచ్చినా ఈసారి నేను ముందు పెట్టే షరతు ఇదే, ఆడవాళ్ల గంటలు విడిగా రాయాలి. ఒప్పంద కాగితం తెలుగులో ఉండాలి. ఏం తేలినా, మనకి వ్యతిరేకంగా తేలినా, ఊరి రచ్చబండ దగ్గర వచ్చి చెప్పాలి. ఏ ప్రశ్న అడగాలో మొదటి మీటింగ్‌లోనే మాతో కూర్చుని తేల్చాలి. అందుకు బదులు మేమేం ఇస్తాం అంటారా? మంచి చెక్క దాచుకోం. చీటీ ఏది చెప్తే అది వేస్తాం. ఇది మనకి తేలికైన మాట కాదు. చీటీ రాని చెక్కలో జీవామృతం పోయకుండా ఉండటానికి చెయ్యి ఎంత లాగుతుందో నాకు తెలుసు.

చెంబు సంగతి ఇప్పుడు. రెండేళ్ల కిందట రెండు ఎకరాల్లో పన్నెండు పట్టీలు కొలిచినా, రెండేసి చొప్పున ఆరు జతలు. మంద నిలిపిన చెక్క వదిలేసినా. ఒక్కటే ప్రశ్న పెట్టుకున్నా. ముంగారుకి ముందే నవధాన్యాలు వేసి, కోసి నేల మీద పరిచినాక శెనక్కాయ విత్తితే కాయ పెరుగుతుందా లేదా? మిగిలిందంతా రెంటికీ సమానం. ప్రతి జతలో ఏ పట్టీకి నవధాన్యాలో చీటీ తీసినాం. మొదటి ఏడు వాన బాగుంది, ఏ తేడా లేదు. ఉత్తిదే. రెండో ఏడు ఆగస్టులో వాన ముఖం చాటేసింది. ఆ ఏడు ఆరు జతల్లో అయిదింట నవధాన్యాల పట్టీలోనే కాయ ఎక్కువ తూగింది. నేను ఎగిరి గంతేసినా, వీడియో తీయబోయినా. హైదరాబాద్ కుర్రాడు ఫోన్‌లో చల్లటి నీళ్లు పోసినాడు. "పెదనాన్నా, ఆరు రూపాయి బిళ్లలు ఎగరేస్తే అయిదు గానీ ఆరు గానీ బొమ్మ పడటం 64లో 7 సార్లు ఊరికే జరుగుతుంది. తొమ్మిదింట ఒకసారి. దీనికి అక్క గాజులు పెట్టమంటావా మళ్లీ?" వాడికి ఆ కథ నేనే చెప్పినా, ఖర్మ.

అందుకే ఈ ఏడు పదిమందిమి కలిసినాం. ఒక్కొక్కరి పొలంలో నాలుగు జతలు, మొత్తం 40. అందరూ ఒకే వాన కింద లేం, నేలలు కూడా రెండు రకాలు. తూకం ఎవరి పొలంలో వాళ్లు వేయకూడదు, పక్క రైతు వచ్చి వేస్తాడు. గంటల క్యాలెండర్ పది ఇళ్లల్లోనూ వేలాడుతోంది, రాసేది ఆడవాళ్లే. కుర్రాడి కాలేజీలో ఒక మేడం లెక్కలు చూసి పెడతానన్నారు. ఆమెకి మన షరతులన్నీ తెలుగులో రాసి పంపినాం, సంతకం పెట్టి పంపించినారు.

పదో రైతు మా బావ. నేను అడగలేదు, ఆయనే వచ్చినాడు. నాలుగు ఎకరాలు కాదు, ఈసారి నలభై సెంట్లు. వీడియోలో చివర్న గొణిగే గొంతు ఆయనదే. ఆయన చేలో వంక పక్కన పదును నిలిచే పట్టీ ఒకటి ఉంది. నవధాన్యాలు దానికే పడాలని ఆశ. చీటీ పక్క పట్టీకి పడింది. "ఇంకోసారి తీయరాదూ" అన్నాడు. పాప చెంబు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

కాయ కోత నవంబర్‌లో. తూకం రోజు కెమెరా పెడతా. తక్కువ వచ్చినా పెడతా.